ఐదక్షరాల పదం పట్టుకోవడం

మిత్రులందరికీ నమస్కారం.

ఐదక్షరాల ఇంగ్లిష్ పదం, అందులో ఫలానా రెండక్షరాలు ఉండాలి, చెప్పండి అంటే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. ‘నాకు అన్ని పదాలు రావండీ’ అనేస్తారు. అన్నీ రావాల్సిన పనే లేదు. ఏ అక్షరం ఎక్కడ కూర్చుంటుందో, దేని పక్కన చేరుతుందో గమనిస్తే, మనకు ఇప్పటికే వచ్చిన పదాలే బయటికొస్తాయి.

అన్ని అక్షరాలూ ఒకేలా సాయం చేయవు. ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇ. కాబట్టి ఇ ఉందని చెప్తే మనకు తెలిసింది కొంచెమే. అదే క్యూ ఉందన్నారనుకోండి, సగం పని అయిపోయినట్టే. దాని వెనకే యు, ఆ వెంటనే మరో అచ్చు. క్వీన్, క్విక్, ఈక్వల్, స్క్వాడ్ అన్నీ ఆ దారిలోనివే. అక్షరాల బిళ్లలు పేర్చి పదాలు కట్టే ఆట స్క్రాబుల్‌ని తయారుచేసిన ఆల్ఫ్రెడ్ బట్స్ 1930ల్లో పత్రికలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో ఓపిగ్గా లెక్కపెట్టాడు. ఇంగ్లిష్ సెట్‌లోని 100 బిళ్లల్లో ఇ 12 ఉంటే, క్యూ ఒక్కటే. పాయింట్లు ఇ కి 1, క్యూ కి 10. ఎస్ మాత్రం వాడుకలో చాలా ఎక్కువ, అయినా బిళ్లలు 4 మాత్రమే. ప్రతి పదానికీ చివర ఎస్ తగిలించి బహువచనం చేసేస్తే ఆటలో పస ఉండదు కదా! నాకు ఎంతో నచ్చిన నిర్ణయం అది.

ఇప్పుడు వర్డల్‌కి వద్దాం. 2021లో జోష్ వార్డల్ అందరి ముందుకూ తెచ్చిన ఈ ఆటలో దాచిన ఐదక్షరాల పదాన్ని ఊహించి పట్టుకోవాలి, ఆరు ఛాన్సులే. మనం వేసిన పదంలోని అక్షరం జవాబులో ఉంటే దానికి రంగొస్తుంది. చివరి నాలుగూ ఐ, జి, హెచ్, టి అని తేలితే గెలిచేశామని సంబరపడతాం. అసలు చిక్కు అక్కడే. ఫైట్, ఎయిట్, రైట్, నైట్, సైట్, లైట్, మైట్, టైట్... అరుదైనవి పక్కనపెట్టినా ఎనిమిదున్నాయి. ఒక్కొక్కటీ వేసుకుంటూ పోతే ఛాన్సులు అయిపోతాయి. జవాబు కాదని తెలిసి కూడా ‘ఫెర్న్స్’ వేయండి. ఎఫ్, ఇ, ఆర్, ఎన్, ఎస్ అయిదూ ఒకే దెబ్బకు తేలిపోతాయి. ఒకదానికి రంగొస్తే అదే మొదటి అక్షరం. దేనికీ రాకపోతే మిగిలినవి లైట్, మైట్, టైట్ మాత్రమే. తేలిన అక్షరాలను తర్వాతి ఛాన్సుల్లో తప్పక వాడాల్సిన హార్డ్ మోడ్‌లో ఈ ఎత్తు కుదరదు, అది గుర్తుంచుకోండి.

ఈ పనిలో చెవిని నమ్మకూడదు. వైట్ కూడా నైట్ లాగే వినిపిస్తుంది, కానీ దాని చివర ఐ, టి, ఇ. నైట్‌లో జి, హెచ్ పలకవు, అయినా రెండు గడులు ఆక్రమిస్తాయి. అందుకే పదాన్ని పైకి అనుకోవడం కన్నా కాగితం మీద ఐదు గీతలు గీసుకుని అక్షరాలు జరిపి చూడటం మేలు. సి, హెచ్ ఇచ్చారా, ముందు జంటగా మొదట్లో పెట్టండి: చైర్, చెస్ట్. తర్వాత చివర: బీచ్, లంచ్, బెంచ్. వి ఇస్తే చివరి గీత మీద పెట్టొద్దు. వి తో ఆగే ఇంగ్లిష్ పదాలు చాలా తక్కువ, వెనక ఇ వచ్చి చేరుతుంది: సాల్వ్, నర్వ్, గ్లవ్.

సరే, అందరూ పెన్నులు తీయండి. ఐదక్షరాలు, ఎక్స్, టి రెండూ ఉండాలి. ఎక్స్ మొదట్లో దాదాపు రాదు. ముందు దాని పక్కన ఇ పెట్టి చూడండి.