మొదటి భాగంలో లేచినవాడు రెండో భాగంలో ఏమవుతాడు?

మిత్రులారా, నమస్కారం.

యువ పాఠకుల కోసం వస్తున్న స్టీమ్‌పంక్ ఫాంటసీల్లో, అంటే ఆవిరి యంత్రాల కాలాన్ని ఊహతో కలిపి అల్లే కథల్లో, చనిపోయినవారు లేచి తిరగడం కొత్తేమీ కాదు. ఇత్తడి గొట్టాలు, పళ్ల చక్రాలు, ఆవిరి ఓడలు ఉన్న లోకంలోకి మృతులను లేపే విద్య ఒకటి వచ్చి చేరుతుంది. మొదటి భాగం ఆ అద్భుతం మీదే నడిచిపోతుంది. చిక్కంతా రెండో భాగంతోనే.

రెండో భాగం అనగానే చాలామంది శవాల సంఖ్య పెంచుతారు. మొదట ఒకడు లేచాడు కాబట్టి ఈసారి సైన్యం లేవాలంటారు. నాకది నచ్చదు. సైన్యం లేచిన మరుక్షణం ఆ ఒక్కడు మనకు ఏమీ కాకుండా పోతాడు. రెండో భాగం చేయవలసింది లెక్క చూడటం. లేపినందుకు మూల్యం ఎవరు చెల్లించారు? లేవడానికి అతను ఒప్పుకున్నాడా?

ఆవిరి యుగపు చరిత్రలోనే ఈ ప్రశ్న ఉంది. 1803 జనవరిలో లండన్‌లో ఉరితీసిన జార్జ్ ఫోస్టర్ శవం మీద, జీవుల శరీరాల్లో విద్యుత్తును పరిశోధించిన ఇటలీ శాస్త్రవేత్త గాల్వానీ మేనల్లుడు జొవాన్నీ ఆల్డీనీ విద్యుత్తు ప్రయోగం చేశాడు. బ్యాటరీ తీగలు ముఖానికి తాకించగానే దవడ వణికింది, ఒక కన్ను తెరుచుకుంది. ఆ తర్వాత కుడి చెయ్యి లేచి పిడికిలి బిగిసింది, కాళ్లు కదిలాయి. చూస్తున్నవారిలో కొందరు అతను నిజంగానే బతుకుతున్నాడనుకున్నారు. రచయితలు సాధారణంగా ఆ తెరుచుకున్న కన్ను దగ్గరే ఆగిపోతారు. అసలు ఆ శవం ఆ బల్ల మీదికి ఎలా వచ్చిందో చూడమంటాను నేను. హంతకుల శవాలను వైద్యుల కోతకు ఇవ్వకుండానో, గొలుసులతో వేలాడదీయకుండానో పూడ్చకూడదని 1752లో అమల్లోకి వచ్చిన చట్టం చెప్పింది. వైద్య విద్యకు ఆ శవాలు చాలలేదు, సమాధులు తవ్వి అమ్ముకునేవారు పుట్టుకొచ్చారు. ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరైతే ఏకంగా మనుషులనే చంపి, ఆ శవాలను అమ్మారు. చివరకు 1832 చట్టం, ఎవరూ అడగని శవాలను అనాటమీ బల్లలకు పంపే వీలు కల్పించింది. అంటే ఎక్కువగా వర్క్‌హౌస్‌లలో, దిక్కులేనివారిని ఉంచి పని చేయించే ఆశ్రమాల్లో, పోయిన పేదల శవాలను. అంతవరకూ హత్యకు శిక్షగా ఉన్నది ఆ తర్వాత పేదరికానికి వచ్చి పడింది. మృతులను లేపే విద్యకు ఇంతకంటే గట్టి నేపథ్యం నాకు కనిపించదు.

మరొకటి కూడా చెప్పాలి. 1848-49 కలరాతో లండన్ శ్మశానాలు కిక్కిరిసిపోయాక, 1854 నవంబరులో ఊరి నుంచి బ్రూక్‌వుడ్ శ్మశానానికి శవాల కోసం ప్రత్యేకంగా ఒక రైలు మొదలైంది. మృతులకూ మూడు తరగతులు ఉండేవి. వెంట వెళ్లినవారికి రానుపోను టికెట్టు, శవపేటికకు పోయేందుకు మాత్రమే. ఇప్పుడు ఆ పేటికలోంచి ఒకరు లేచి, తిరుగు ప్రయాణానికి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డారనుకోండి. టికెట్టు తనిఖీ చేసే మనిషి వారిని ఏమని అడుగుతాడు? మూడో తరగతి పేటికలోంచి వచ్చినవారిని మొదటి తరగతి పెట్టెలోకి ఎక్కనిస్తాడా? ఆ ఒక్క సన్నివేశం వంద శవాల యుద్ధం కంటే ఎక్కువ పని చేస్తుంది.

కథలో ఇది ఎలా ఉంటుందో చూద్దాం. పదహారేళ్ల అమ్మాయి, బాయిలర్ల దగ్గర పని నేర్చుకుంటోంది. మొదటి భాగంలో చనిపోయిన అన్నను లేపింది. అతని ఛాతీలో చిన్న ఆవిరి పంపు ఉంది. గంటకోసారి పిడికెడు బొగ్గు వెయ్యాలి, బూడిద తియ్యాలి. రెండో భాగం ఆ బూడిదతో మొదలుకావాలి. రాత్రి ఆమె నిద్రపోతే అతను ఆగిపోతాడు. అందుకే ఆమె నిద్ర మానేసింది. ఫ్యాక్టరీ యజమానికి సంగతి తెలిసింది. కూలి అడగని, దగ్గు రాని, ఇంటికి వెళ్తాననని పనివాడు అతనికి దొరికాడు. ఇక్కడ దుష్ట మాంత్రికుడి అవసరమే లేదు. బొగ్గు ధర, కూలి రేటు తెలిసిన గుమాస్తా చాలు.

మూల్యం లేని మంత్రం కథను చంపుతుంది. ఈ సంగతి మన కచుడి కథకు ఎప్పుడో తెలుసు. శుక్రాచార్యుడు రెండుసార్లు సులువుగానే బతికిస్తాడు. మూడోసారి కచుడు బూడిదై, మద్యంలో కలిసి, ఆయన కడుపులోనే ఉంటాడు. శిష్యుడు బతకాలంటే గురువు పొట్ట చీలాలి. అందుకే మృతసంజీవని విద్యను లోపల ఉన్నవాడికే నేర్పవలసి వస్తుంది. మొదటి రెండుసార్లూ మనకు అంతగా గుర్తుండవు, మూడోసారి మాత్రం మరచిపోలేం.

మరి ఆ అన్న సంగతి? ఇలాంటి నవలల్లో లేచినవారిని మూలిగేవారిగానో, విధేయులుగానో వదిలేస్తున్నారు. నాకు బాధ కలిగించేది అదే. పదిహేనేళ్ల పాఠకులకు తమ శరీరం మీద, తమ రోజుల మీద ఇతరులు నిర్ణయాలు తీసుకోవడం బాగా తెలుసు. వాళ్లు ఆ అన్న వైపు నిలబడతారు. కాబట్టి అతనికి మాట్లాడే అవకాశం ఇవ్వండి. "నీకు ఇలా ఉండటం ఇష్టమేనా?" అని చెల్లెలితో అడిగించండి. అదీ నవల చివర్లో కాదు, సగం కూడా కాకముందే. అతను వద్దంటే, మూడో భాగం ప్రకటించి ఉన్నా సరే, ఆ మాటను అలాగే రాయండి. ఆమె బొగ్గు డబ్బాను చేతిలో పట్టుకుని ఏం చేస్తుందన్నదే మిగిలిన సగం నవల.