ఫోన్-ఇన్: డౌన్ పేమెంట్ లేకుండా పల్లెలో ఇల్లు... మరిది జీతం కూడా లెక్కేనా?

యాంకర్: అమెరికాలో ఉన్న తెలుగు శ్రోతలకు నమస్కారం. సిటీలో ఇళ్ల రేట్లు చూసి బెదిరిపోయి, కాస్త పల్లె వైపు వెళ్దామనుకునే వాళ్లందరూ ఈ మధ్య అడుగుతున్నది యూఎస్‌డీఏ, అంటే అమెరికా వ్యవసాయ శాఖ, లోన్ గురించే. హోమ్ లోన్లు చూసే అన్నగారు మనతో ఉన్నారు. మొదటి కాల్ కాలిఫోర్నియా, తులారే కౌంటీ నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండి. మావారు పాల ఫ్యాక్టరీలో చేస్తారు. మా ఇద్దరికీ గ్రీన్ కార్డ్ ఉంది. వైసేలియాకి కొంచెం దూరంగా ఒక ఇల్లు చూశాం. డౌన్ పేమెంట్ ఒక్క డాలర్ కూడా అక్కర్లేదంటున్నారు. నిజమేనా అండి?

సలహాదారు: నిజమేనమ్మా. అయితే మీ తరహా గ్యారంటీ లోన్‌లో డబ్బు ఇచ్చేది ప్రభుత్వం కాదు, బ్యాంకు. మీరు కట్టలేకపోతే బ్యాంకుకు వచ్చే నష్టంలో చాలా భాగం వ్యవసాయ శాఖ భరిస్తుంది. ఆ పూచీ ఊరికే రాదు. మొదట లోన్ మీద 1 శాతం ఫీజు, ఆ తర్వాత ఏటా మిగిలిన బాకీ మీద 0.35 శాతం. 3 లక్షల డాలర్ల లోన్ అనుకోండి, మొదట సుమారు 3 వేలు, మొదటి ఏడాదికి వెయ్యి పైచిలుకు. ఆ 3 వేలు లోన్‌లోనే కలిపేసుకోవచ్చు. ముందు ఇంటి అడ్రస్ యూఎస్‌డీఏ మ్యాప్‌లో కొట్టి చూడండి. వైసేలియా టౌన్‌లోకి వస్తే మాత్రం కుదరదు. సరే, ఇంట్లో ఎవరెవరు ఉంటారు?

కాలర్: మేమిద్దరం, నాలుగు నెలల బాబు, మా మరిది. అతను హెచ్‌వన్‌బీ మీద ఉన్నాడు. అతని పేరు లోన్‌లో పెట్టట్లేదు లెండి.

సలహాదారు: పేరు పెట్టకపోయినా జీతం లెక్కలోకి వస్తుందమ్మా. మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. కిస్తీ కట్టగలరా లేదా అని చూడటానికి లోన్‌లో ఉన్నవాళ్ల ఆదాయం చూస్తారు. అసలు ఈ స్కీమ్‌కి అర్హులా కాదా అని తేల్చడానికి మాత్రం ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరి సంపాదనా కలుపుతారు. ఆ మొత్తం స్థూలంగా ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 115 శాతం లోపు ఉండాలి. బాబుకి, డే కేర్ ఖర్చుకి కొంత మినహాయింపు ఉంది.

కాలర్: పోనీ, మరిది వేరే ఉంటున్నాడని రాసేస్తే?

సలహాదారు: నిజంగా వేరే వెళ్లిపోతే రాయండి. ఇంట్లో ఉంచుకుని అలా రాయొద్దు తల్లీ. రేపు సిటిజన్‌షిప్‌కి అప్లై చేసేటప్పుడు అది మెడకు చుట్టుకుంటుంది. మరిది జీతం కలిపినా పరిమితి దాటకపోవచ్చు, ముందు లెక్క వేయించండి. ఇంతకీ ఆ ఇంటికి నీళ్లెక్కడివి?

కాలర్: సొంత బోరు. టెస్ట్ రిపోర్ట్ కూడా ఇచ్చారు. నైట్రేట్ 38 అని ఉంది. ఎక్కువేనా అండి? చంటిబిడ్డ ఉన్నాడు, టెన్షన్‌గా ఉంది.

సలహాదారు: 38 పక్కన ఏం రాశారో చదవండి. నైట్రోజన్ లెక్కనా, నైట్రేట్ లెక్కనా?

కాలర్: ఒక్క నిమిషం... 'నైట్రేట్, ఎన్‌ఓ3 లెక్కన' అని ఉందండి.

సలహాదారు: హమ్మయ్య. ఆ లెక్కలో పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. అదే నైట్రోజన్ లెక్కన అయితే పరిమితి 10. అప్పుడు 38 అంటే దాదాపు నాలుగు రెట్లు. అయినా నిశ్చింతగా ఉండొద్దు. చుట్టూ ఎరువులేసే పొలాలు, డెయిరీలు. బోరు నీళ్లలో నైట్రేట్ ఎప్పుడూ ఒకేలా ఉండదు. కొనేముందు మీరే ఇంకో ల్యాబ్‌లో చేయించండి. పరిమితి దాటిన నీళ్లతో బిడ్డకు పాలు కలపకూడదు. మరిగిస్తే నైట్రేట్ పోదు, ఇంకా చిక్కబడుతుంది.

యాంకర్: లోన్ కోసం ఫోన్ చేస్తే బోరు దాకా వెళ్లాం. ఇంకో కాల్, ఫ్రెస్నో కౌంటీ నుంచి.

కాలర్ 2: అన్నా, ఐదెకరాల బాదం తోట, అందులో ఇల్లు. తోట కౌలుకిచ్చి ఇంట్లో మేముంటాం. ఈ లోన్ వస్తుందా?

సలహాదారు: కష్టం తమ్ముడూ. ఇది మీరుండే ఇంటికి ఇచ్చే లోన్. స్థలం కాస్త ఎక్కువున్నా పర్లేదు గానీ, ఆదాయం తెచ్చే తోటను దీని కింద కొననివ్వరు. నీకు సిటిజన్‌షిప్ గానీ గ్రీన్ కార్డ్ గానీ ఉందా?

కాలర్ 2: లేదన్నా, నాదీ హెచ్‌వన్‌బీనే.

సలహాదారు: అయితే దీని గురించి ఇప్పుడు తిరగకు. గ్రీన్ కార్డ్ వచ్చాక కూడా తోటే కావాలనుకుంటే, అదే శాఖలో రైతులకు అప్పులిచ్చే ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ ఉంటుంది, అక్కడ అడుగు. అయితే వాళ్లు కౌలుకిచ్చేవాళ్లను కాదు, సేద్యం స్వయంగా చూసుకునేవాళ్లను వెతుకుతారు.

కాలర్ 2: చేసేది సాఫ్ట్‌వేర్ అన్నా...

సలహాదారు: అందుకే చెబుతున్నా. ముందు ఇల్లు చూసుకో.