చేపల లెక్క కాకిలెక్క కాదు

నీళ్లలో ఉన్న చేపలు ఎన్నో చెబితే చాలు, ఎవరో ఒకరు “అంతా కాకిలెక్కే” అనేస్తారు. ఆ మాట వింటే నాకు బాధేస్తుంది. అలాంటి లెక్క మీదే ఒక చేప ప్రాణం ఆధారపడింది.

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం, విల్లామెట్ నది లోయ. అక్కడి పక్క పాయల్లో, నాచు పట్టిన నిలవ మడుగుల్లో బతికే చిన్న చేప ఒరెగాన్ చబ్. ఎంత పెరిగినా 9 సెంటీమీటర్లే. డ్యాములు కట్టి వరదల్ని ఆపేసరికి మడుగులు పోయాయి. బయటి నుంచి తెచ్చిన బాస్ చేపలు చాలావాటిని తినేశాయి. దోమ పిల్లల్ని తింటుందని మన ఊళ్లలోనూ వదిలే గంబూసియా చేప అక్కడ చబ్‌కి పోటీ అయింది. 1993లో, అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల రక్షిత జాబితాలో చేర్చేనాటికి తెలిసినవి వెయ్యి కూడా లేవు.

మరి ఎలా లెక్కపెట్టారు?

[డబ్బా చూపిస్తూ] ఇందులో చింతగింజలున్నాయి. ఎన్నో తెలియదు. గుప్పెడు తీశాను: 50. ఒక్కోదానికి సున్నం బొట్టు పెట్టి మళ్లీ వేసి బాగా కలిపాను. ఇప్పుడు ఇంకో గుప్పెడు తీస్తే 40 వచ్చాయి, బొట్టున్నవి 10. అంటే నాలుగో వంతు. డబ్బాలోనూ దాదాపు నాలుగో వంతుకే బొట్టుండాలి. బొట్టు పెట్టింది 50కి కాబట్టి మొత్తం సుమారు 200.

మడుగులో గుప్పెడు బదులు బ్రెడ్ ముక్క వేసిన చిన్న బోనులు. సున్నం బదులు తోక రెక్క అంచున చిన్న కత్తిరింపు. అది మళ్లీ పెరుగుతుంది.

అసలు కష్టం కలపడంలో ఉంది. బొట్టు గింజలన్నీ పైనే ఉండిపోయి 40లో 25 అవే వస్తే, లెక్క 80కి పడిపోతుంది. బోనులో ఒకసారి పడ్డ చేప భయపడి రెండోసారి దగ్గరికే రాకపోతే? 40లో 5 మాత్రమే దొరికి, 200 ఉన్నచోట 400 అని తేలుతుంది. నాకు ఎక్కువ టెన్షన్ దీనితోనే. ఆపదలో ఉన్న చేప క్షేమంగా ఉందనుకుని వదిలేస్తాం. డబ్బాకి మూత కూడా ఉండాలి. వరదొచ్చి మడుగు నదిలో కలిసిపోతే గింజలు బయటికి పోయినట్టే. అందుకే రెండు గుప్పెళ్ల మధ్య ఎక్కువ రోజులు ఆగకూడదు. మరీ చిన్న గింజలు వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి, అంటే వల కన్నుల్లోంచి పిల్లచేపలు తప్పించుకుంటాయి. అవి ఈ లెక్కలోకి రావు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తాను. జాబితా నుంచి తీయాలంటే 20 చోట్ల, ఒక్కోచోట కనీసం 500 పెద్ద చేపలు, 7 ఏళ్లు తగ్గకుండా ఉండాలన్నారు. బాస్ లేని మడుగులు వెతికి కొత్తగా వదిలారు, కొందరు తమ సొంత భూముల్లోని మడుగులే ఇచ్చారు. 2010లో ప్రమాద స్థాయి ఒక మెట్టు తగ్గింది. 2015లో జాబితా నుంచి తీసేశారు, అలాంటి జీవుల్ని కాపాడే అమెరికా చట్టం కింద కోలుకుని బయటపడ్డ మొదటి చేప ఇదే. అప్పటికి దాదాపు 80 చోట్ల లక్షా 40 వేలకు పైగా ఉన్నట్టు అంచనా. ఆ తర్వాత కూడా 9 ఏళ్లు బోనులు వేసి చూడాలని ప్లాన్ రాసుకున్నారు. చబ్ ఎన్ని ఉన్నాయో చూడాలి, కొత్తగా బాస్ పిల్ల ఒక్కటైనా చేరిందేమో కూడా చూడాలి అన్నదే ఆ ప్లాన్.