బాబీ బండికి ముందు కాగితం, తర్వాత ఇంజిన్

హోస్ట్: నమస్కారం, నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాం. ఈసారి చాలామంది అడిగిన సంగతే పెట్టుకున్నాం. తాతల కాలం నాటి రాజ్‌దూత్ బాబీ బండి ఇంట్లో మూలన పడుంది, బాగుచేయించుకుంటే రోడ్డు మీద తిప్పచ్చా, ఇన్సూరెన్స్ ఇస్తారా అని. స్టోన్‌హౌస్‌పేటలో పాత టూ స్ట్రోక్ బండ్లు బాగుచేసే అన్న మనతో ఉన్నారు. అన్నా, తిప్పచ్చా?

గెస్ట్: తిప్పచ్చు తమ్ముడూ, భేషుగ్గా తిప్పచ్చు. కాకపోతే అందరూ ఇంజిన్ దగ్గర మొదలుపెడతారు, పెయింటింగ్‌కి, క్రోమింగ్‌కి వేలకు వేలు పోస్తారు, చివర్లో ఆర్‌సీ గుర్తొస్తుంది. నేనైతే కాగితం చూడకుండా స్పానర్ పట్టను. పిస్టన్, రింగులు ఎట్టాగో సంపాదించొచ్చు, ఆర్‌సీ యాడ నుంచి తెస్తావు?

హోస్ట్: వినేవాళ్లలో చిన్న పిల్లలున్నారు, అసలు బాబీ అంటే ఏందో రెండు ముక్కల్లో చెప్పండి.

గెస్ట్: అసలు పేరు జీటీఎస్ 175. ఎస్కార్ట్స్ వాళ్లు తయారుచేశారు. 1973లో వచ్చిన రాజ్ కపూర్ సినిమా ‘బాబీ’లో కనబడింది, ఇక జనం ఆ పేరే ఖాయం చేసేశారు. చిన్న చక్రాలు, పొట్టి మనిషి కూడా రెండు కాళ్లూ నేలకి ఆనించేంత ఎత్తు. ఇంజిన్ మాత్రం మామూలు రాజ్‌దూత్‌దే, 173 సీసీ. అందుకే ఇంజిన్ సామాను గురించి పెద్ద దిగులు లేదు. ట్యాంకు, సీటు, మడ్‌గార్డులు పోయాయంటేనే కష్టం. మన వైపు అప్పట్లో చిన్న బండి అంటే తిరుపతిలో తయారైన సువేగా, తర్వాత లూనా, టీవీఎస్ 50. బాబీ వాటిలా పొదుపు బండి కాదు, షోకు బండి. పెట్రోలు బాగా తాగుతుంది, ఇప్పుడూ అంతే.

హోస్ట్: సరే, కాగితాల్లో ముందు ఏం చూస్తారు?

గెస్ట్: చాసిస్ నంబర్. ఎక్కువ బండ్లకి హ్యాండిల్ కింద ఫ్రేమ్ మీద కొట్టి ఉంటుంది. యాభై ఏళ్ల బండి కదా, దాని మీద తుప్పు, తుప్పు మీద పెయింటు, మళ్లీ పెయింటు. మనోళ్లు ఏం చేస్తారంటే గ్రైండర్ పెట్టి గీకేస్తారు, నంబర్ కూడా పోతుంది. అట్టా కాదు. పెయింట్ రిమూవర్ రాసి, నానాక గుడ్డతో తుడిచి, మళ్లీ రాసి, మెల్లిగా అక్షరాలు తేలేదాకా ఓపిక పట్టాలి. తర్వాత పల్చటి కాగితం అంటించి, పెన్సిల్‌ని అడ్డంగా పట్టుకుని రుద్దితే నంబర్ కాగితం మీదికి దిగుతుంది. ఆ పెన్సిల్ ప్రింట్ ఆర్‌సీలో ఉన్న నంబర్‌తో ఒక్కొక్క అక్షరం సరిపోవాలి. 3 ఉన్నచోట 8 అని గుమస్తా రాసి ఉంటే అది ముందే సరిచేయించుకోవాలి, లేకపోతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర ఆగిపోతుంది.

హోస్ట్: దొంగ బాబీలు కూడా తిరుగుతున్నాయంట కదా?

గెస్ట్: ఉన్నాయి. మామూలు రాజ్‌దూత్ ఫ్రేమ్ కోసి, వెల్డింగ్ చేసి, చిన్న చక్రాలు తగిలించి బాబీ అని అమ్మేవాళ్లను చూశా. ఆర్‌సీలో రాసున్న బండి వేరు, ఎదురుగా ఉన్న బండి వేరు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు. అట్టాంటిది ఎంత చౌకగా వచ్చినా వదిలెయ్.

హోస్ట్: ఆర్‌సీ నాన్న పేరు మీదో తాత పేరు మీదో ఉండి, వాళ్లు లేకపోతే?

గెస్ట్: ఎక్కువ కేసులు అవే. ఫారం 31 పెట్టుకోవాలి. మరణ ధ్రువపత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల దగ్గర అభ్యంతరం లేదని అఫిడవిట్. అన్నదమ్ములు అప్పటిదాకా ఆ బండిని పాత ఇనప సామాను కింద లెక్కేస్తారు, సంతకం అడిగిన రోజు మాత్రం అది అందరికీ నాన్న జ్ఞాపకం అయిపోతుంది! [నవ్వు] ఆర్‌సీ పోయుంటే పోలీసు ఫిర్యాదు కాపీతో ఫారం 26, డూప్లికేట్ కోసం. ఇంకో చిక్కుంది. కందుకూరు బండి అనుకో, 1976లో రిజిస్టర్ అయితే రికార్డు ఒంగోలులో ఉంటుంది, ఎందుకంటే 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడే కందుకూరు మన నెల్లూరు నుంచి అటు పోయింది. ఇంగ్లీషు ‘A’ అక్షరంతో మొదలయ్యే పాత మూడక్షరాల నంబర్లు, ఏపీ 26, ఏపీ 27 కంటే ముందువి, కంప్యూటర్‌లో చాలావరకు కనబడవు. పాత రిజిస్టర్ తీయించి, ఆ పేజీ చూపించి, బ్యాక్‌లాగ్ ఎంట్రీ, అంటే పాత రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కించడం, చేయించుకోవాలి. ఆ పని అయ్యేదాకా ఆన్‌లైన్‌లో ఏ బటన్ నొక్కినా ఉపయోగం ఉండదు.

హోస్ట్: 50 ఏళ్లు దాటితే వింటేజ్ రిజిస్ట్రేషన్ అని ఏదో ఉంది కదా, అదే మేలు కాదా?

గెస్ట్: ఇక్కడే అందరూ ఆశపడేది. 2021 జులైలో కేంద్రం నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండి, చాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. నంబర్‌లో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అని వస్తుంది. కొత్తగా అయితే ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. 1976 బండికి 2026లో 50 నిండుతాయి, కాబట్టి మొదటి తరం బాబీలు ఇప్పుడిప్పుడే ఆ లెక్కలోకి వస్తున్నాయి. కానీ ఆ నంబర్‌తో రోజూ తిప్పకూడదు. ప్రదర్శనకి, వింటేజ్ ర్యాలీకి, రిపేరుకి, పెట్రోలు కొట్టించుకోవడానికి, అంతవరకే. సాయంత్రం పూట ట్రంక్ రోడ్డు మీద ఒక రౌండు, ఆదివారం మైపాడు బీచ్ అంటే ఆ నంబర్ నీకు పనికిరాదు. నన్నడిగితే పాత నంబర్‌నే కాపాడుకుని ఫారం 25తో రెన్యూవల్ చేయించుకో. ఐదేళ్లకొకసారి. ఇరవై ఏళ్లు దాటిన టూ వీలర్‌కి 2025 ఆగస్టు నుంచి కేంద్రం పెట్టిన ఫీజు 2,000, దాంతోపాటు గ్రీన్ ట్యాక్స్. ఆ మూడక్షరాల నంబర్ ప్లేటు అందం కొత్త నంబర్‌కి రాదు, అది వేరే విషయం అనుకో.

హోస్ట్: ఇన్సూరెన్స్ సంగతి? రెన్యూవల్‌కి ఇన్సూరెన్స్ అడుగుతారు, ఇన్సూరెన్స్ వాళ్లేమో ఆర్‌సీ గడువు అయిపోయింది కదా అంటారు.

గెస్ట్: ఆ తిరకాసు అందరికీ ఉంది. యాప్‌లో పాత నంబర్ కొడితే తీసుకోదు, టెన్షన్ పడొద్దు. ప్రభుత్వ బీమా కంపెనీల బ్రాంచీ ఏదైనా చూసుకుని మనిషిగా వెళ్లు. పాత ఆర్‌సీ కాపీ, పెన్సిల్ ప్రింట్, నాలుగు వైపులా ఫోటోలు, రెన్యూవల్‌కి పెట్టిన దరఖాస్తు చేతిలో పెట్టుకుని, ముందు థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇచ్చే పాలసీ, అదొక్కటే అడుగు. థర్డ్ పార్టీకి బండి విలువ కట్టే పనే లేదు, సీసీని బట్టి రేటు. 150 నుంచి 350 సీసీ బండికి 2022 జూన్ నుంచి ఏడాదికి 1,366 రూపాయలు, పైన జీఎస్‌టీ. సొంతదారుకి 15 లక్షల ప్రమాద బీమా ఉంటుంది, ఇంకెక్కడా నీకు లేకపోతే అది కూడా తీసుకో.

హోస్ట్: ఇంటి దగ్గరే తిప్పుతాం కదా, ఎందుకులే అనేవాళ్లున్నారు.

గెస్ట్: దొరికితే మొదటిసారి 2,000 జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. అదట్టా ఉంచు. ఎవరినన్నా గుద్దితే, ప్రాణం పోతే, ట్రిబ్యునల్ వేసే పరిహారం నీ ఇల్లు, పొలం మీద పడుతుంది. పాలసీ ఉంటే చావుకి, గాయాలకి పరిమితి లేకుండా కంపెనీ కడుతుంది. ఆస్తి నష్టానికైతే టూ వీలర్‌కి లక్ష వరకే. బాబీకి డ్రమ్ము బ్రేకులు తమ్ముడూ, ఈ కాలం బండ్ల వెనక పోతుంటే వాళ్లు ఆగినంత తొందరగా మనం ఆగం.

హోస్ట్: బండి పోతే? లక్షలు పెట్టి బాగుచేసుకున్నవాళ్లున్నారు.

గెస్ట్: దానికి ఓన్ డ్యామేజ్, అంటే మన బండికే జరిగే నష్టానికి, దొంగతనానికి కవర్ కావాలి. ఐదేళ్లు దాటిన బండికి టేబుల్ ప్రకారం ధర ఉండదు, నువ్వూ కంపెనీ కూర్చుని ఒప్పుకున్నదే ఐడీవీ, అంటే పాలసీలో రాసే బండి విలువ. అందుకే ప్రతి బిల్లూ దాచుకో, క్రోమింగ్‌ది కూడా. విప్పినప్పుడు ఫోటోలు, బిగించాక ఫోటోలు. సర్వేయర్‌కి అవి చూపిస్తేనే ఇనప సామాను రేటు కాకుండా వేరే మాట మాట్లాడతాడు. కొన్ని బ్రాంచీలు అసలు ఒప్పుకోవు, ఇంకో బ్రాంచీకి పోవడమే.

హోస్ట్: పొల్యూషన్ పాసవుతుందా? పొగ బండి కదా.

గెస్ట్: అవుతుంది. 2000 మార్చి 31 లోపు తయారైన టూ వీలర్లకి కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్ 9,000 పీపీఎం దాకా ఒప్పుకుంటారు. ఫెయిలయ్యేది ఎక్కువగా ఆయిల్ వల్లే. పెట్రోల్లో టూ టీ ఆయిల్ ‘ఇంకాస్త పడితే మంచిదేలే’ అని చేతికొచ్చినంత పోస్తారు. కొలిచి పొయ్యి, సైలెన్సర్ విప్పి లోపల పేరుకున్న మసి కాల్చు, ప్లగ్గు మార్చు, బండి బాగా వేడెక్కాక తీసుకెళ్లు. ఇన్‌స్పెక్టర్ దగ్గరకి పోయే ముందు హారన్, హెడ్‌లైటు, బ్రేక్ లైటు చూసుకో. ఆరు వోల్టుల కరెంటు, స్లోగా ఉన్నప్పుడు లైటు గుడ్డి దీపమే. వైరింగ్ కొత్తది వేయించి ఎర్తింగ్ శుభ్రంగా ఉంచితే సగం గొడవ పోతుంది.

హోస్ట్: చివరిగా ఒకాయన అడిగాడన్నా. ఆన్‌లైన్‌లో 49 సీసీ బుల్లి బైకులు అమ్ముతున్నారు, పదేళ్ల పిల్లాడికి కొనిచ్చి దర్గామిట్ట సందుల్లో తిప్పిస్తే తప్పా అని.

గెస్ట్: తప్పే. 25 సీసీ దాటిందంటే చట్టం దృష్టిలో అది మోటారు వాహనమే, రిజిస్ట్రేషన్ కావాలి. టైప్ అప్రూవల్, అంటే ఆ మోడల్‌ని పరీక్షించి రోడ్డుకి పనికొస్తుందని ఇచ్చే అనుమతి, లేని బండిని రిజిస్టర్ చేయరు, కాబట్టి దానికి దారే లేదు. పైగా మైనర్ నడిపితే 2019 సవరణ ప్రకారం తండ్రికి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. సొంత తోటలో గేటేసి, హెల్మెట్ పెట్టి తిప్పించుకోమను.

హోస్ట్: వినే ఉంటాడు. ఒంగోలు పాత రిజిస్టర్ల గురించి ఇంకా ప్రశ్నలుంటే వాయిస్ మెసేజ్ పెట్టండి, వచ్చే ఎపిసోడ్‌లో అన్నతోనే చెప్పిస్తా.