అటక మీది రంగం కత్తి: పిడి చూసి ఊరు చెప్పడం

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈరోజు మా ముందు బల్ల మీద ఒక కత్తి ఉంది. టెక్కలి దగ్గర మా అమ్మమ్మగారి ఇంటి అటక మీద, గోనెసంచిలో చుట్టి దొరికింది. మా ఇంట్లో అందరూ దీన్ని బొబ్బిలి కత్తి అనే అంటారు. 40 ఏళ్లుగా పాత కత్తులు చూస్తున్న మాస్టారు మనతో ఉన్నారు. మాస్టారూ, ఇది నిజంగా బొబ్బిలిదేనా?

అతిథి: ఒకసారి ఇలా ఇయ్యమ్మా. మొన కిందికి పెట్టి, పిడి నా వైపు... ఆఁ. (కాసేపు మౌనం) బొబ్బిలి కాదమ్మా ఇది. మీ ఇంట్లో ఎవరైనా రంగం, అదే బర్మా, వెళ్లారా?

హోస్ట్: మా ముత్తాత వెళ్లాడండీ! రంగూన్ రేవులో మూటలు మోసేవాడట. 1930లో అక్కడ రేవు కూలీల గొడవలయ్యాయి కదా, అప్పుడు వెనక్కి వచ్చేశాడని అమ్మమ్మ చెప్పేది. మీకెలా తెలిసింది?

అతిథి: పిడి చెప్పింది. మన వైపు తల్వారు గుర్తు తెచ్చుకో. పిడి చివర పళ్లెంలా ఒక బిళ్ల, చేతికీ వాదరకీ మధ్య ఒక అడ్డం ఉంటాయి. దీనికి ఆ రెండూ లేవు. రోకలి పిడిలా గుండ్రంగా, పొడుగ్గా ఉంది, చివర తామరమొగ్గలా ఉబ్బింది. పైన వెండి రేకు. ఒకవైపే పదును, కొద్దిగా వంపు. ఇది బర్మావాళ్ల 'డా'. థాయ్‌లాండ్‌లో దీని చుట్టాన్ని 'దాబ్' అంటారు. ఇప్పుడు దీన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపు.

హోస్ట్: లోపల ఏదో... ఇసక రాలుతున్నట్టుంది.

అతిథి: అది లక్క. ఈ కత్తులకి పిడిలోకి దిగే ఇనప తోక చాలా పొట్టిగా ఉంటుంది. పిడి బోలులో లక్కలాంటి జిగురు కరిగించి పోసి, తోకని వేడి మీద దించుతారు. చల్లారితే బిగుస్తుంది. వందేళ్లయ్యేసరికి ఎండి పొడవుతుంది, నువ్వు విన్నది ఆ చప్పుడే. దీన్ని ఎవరూ గట్టిగా లాగొద్దమ్మా. పిడి ఊడి చేతికొస్తే మళ్లీ పాత లక్క రాదు. ఆ లక్క కూడా సాక్ష్యమే.

హోస్ట్: అంటే పిడి చూస్తే ఊరు తెలిసిపోతుందా?

అతిథి: ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. నేనూ మొదట్లో వేశాను. పిడి వేరు, ఇనుము వేరు. రెండూ ఒకే ఊళ్లో పుట్టాయని ఎప్పుడూ అనుకోకూడదు. ఇనుమేమో కమ్మరి ఊరు చెబుతుంది. పిడేమో ఆఖర్న మోసిన మనిషి ఊరు చెబుతుంది. ఆగ్నేయాసియా అంతా పడవల మీద బతికిన సముద్రం. జావాలో కొట్టిన ఇనుము మలయా, అంటే ఇప్పటి మలేషియా వైపు చేరి అక్కడి పిడి తొడుక్కుంటుంది.

హోస్ట్: జావా అంటే క్రిస్ అనే కత్తి కదండీ, పాములా వంకరలు తిరిగి ఉంటుంది.

అతిథి: 'కెరిస్' అంటారు వాళ్లు. వంకరలున్నవాటికి వాటి లెక్క ఎప్పుడూ బేసి సంఖ్యే. నిజానికి తిన్నగా ఉన్న కెరిస్‌లూ బోలెడు. దాని తోక గుండ్రటి పుల్లలా ఉంటుంది. గుడ్డపీలికో, వెంట్రుకలో చుట్టి పిడిలోకి తోస్తారు. మేకు లేదు. రెండు నిమిషాల్లో పిడి మార్చేయొచ్చు. తాత కెరిస్ మనవడికి వస్తే ఇనుము అదే, పిడీ ఒరా కొత్తవి. దానిమీద జనానికి ఎంత గౌరవమంటే, మధ్య జావాలో లవూ కొండ మీద సుకుహ్ అని 15వ శతాబ్దపు గుడి ఉంది, అక్కడ కొలిమి దగ్గర కూర్చుని కత్తులు చేస్తున్నది ఎవరనుకున్నావ్? భీముడు! తిత్తి ఊదేది అర్జునుడు. మధ్యలో వినాయకుడు నాట్యం చేస్తుంటాడు. అర్జునుడి చేతిలోవి మన కమ్మరి తోలుతిత్తులు కావు. నిలబెట్టిన రెండు గొట్టాలు, ఒకటి లేపుతూ ఒకటి దించుతూ గాలి కొట్టేవి. ఆ ద్వీపాల కొలిమి అలాగే ఉంటుంది. నేను ఆ శిల్పం ముందు గంటసేపు నిలబడిపోయానమ్మా.

హోస్ట్: మరి పిడిలో తేడాలు ఎలా పట్టుకోవాలి?

అతిథి: జావాలోని సురకర్త, యోగ్యకర్త నగరాల పిడి చూస్తే ఉత్త చెక్కలా, ముందుకి వంగి ఉంటుంది. దాన్ని తిప్పి లోపలి వైపు చూడాలి. పైన ఒకటి, కింద ఒకటి, గోరంత చెక్కుడు కనిపిస్తుంది. ఒకప్పటి మనిషి బొమ్మ అరిగి అరిగి అలా మిగిలిందంటారు. బాలీవి పెద్దవి. రాక్షసుడో దేవుడో కూర్చుని ఉంటాడు, రాళ్లు పొదుగుతారు. సులవేసి ద్వీపంలోని బుగిస్ వాళ్లది పిస్తోలు పిడిలా ఒక్కసారిగా వంగుతుంది. థాయ్‌లాండ్ దక్షిణాన పటానీ వైపుది పొడుగు ముక్కుతో లకుముకి పిట్టలా ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది సుమత్రా, మలయా వైపు ఉండే 'జావా డెమామ్'. డెమామ్ అంటే జ్వరం. చలిజ్వరం పట్టిన మనిషి రెండు చేతులూ ఒంటికి చుట్టుకుని ముడుచుకుని కూర్చున్నట్టు ఉంటుంది. వేలితో తడిమితే ఆ మోచెయ్యి తగులుతుంది.

హోస్ట్: ఇనుమేం చెబుతుంది?

అతిథి: చాలా చెబుతుంది. జావాలో పాషాణం (ఆర్సెనిక్), నిమ్మరసం కలిపి రుద్దుతారు. ఇనుము నల్లబడుతుంది. మధ్యలో మడిచి కొట్టిన నికెల్ ఉన్న పొరలు తెల్లగా నిలుస్తాయి, దాన్ని 'పమోర్' అంటారు. జావాలో చెయ్యి పెడితే గరుకుగా తగిలేలా వదిలేస్తారు. బాలీలో నున్నగా అరగదీస్తారు. అందుకే బాలీ రాక్షసుడి పిడికి గరుకు ఇనుము ఉంటే నేను వెంటనే ఆగిపోతాను.

హోస్ట్: నిపుణులు కూడా పొరబడతారా?

అతిథి: వాదించుకుంటారమ్మా. జావాలో డచ్చివాళ్లతో యుద్ధం చేసి 1830లో పట్టుబడ్డ దిపొనెగొరో రాజకుమారుడి కెరిస్ ఉంది. మరుసటి ఏడాది నెదర్లాండ్స్ రాజుకి కానుకగా వెళ్లింది. తరవాత మ్యూజియం వస్తువుల్లో కలిసిపోయి, ఏదో తెలియకుండా పోయింది. చివరికి పాత ఉత్తరాలు దొరికాయి. చిత్రకారుడు రాదెన్ సాలెహ్ రాసిపెట్టిన మాటలో దాని పేరు 'కియాయ్ నాగ సిలుమాన్', అంటే మాయనాగు, అని ఉంది. వర్ణనతో పోల్చి చూసి 2020 మార్చిలో ఇండోనేషియాకి తిరిగిచ్చారు. అప్పుడు కూడా జావాలో కెరిస్ తెలిసినవాళ్లు, 'ఈ పేరున్న కత్తికి నాగుపాము ఇలా కనపడకూడదే' అని అడిగారు. అంత పెద్ద వస్తువుకే కాగితం, ఇనుము రెండూ కావలసి వచ్చాయి.

హోస్ట్: ఫిలిప్పీన్స్‌లో కూడా క్రిస్ ఉందంటారు.

అతిథి: మిండనావో, సులు ద్వీపాల్లోని మోరోలు అనే ముస్లిం తెగలది. పోలిక ఒకటే, పని వేరు. జావా కెరిస్ పొడవడానికి, ఇది నరకడానికి. అందుకే తోక పలకలుగా ఉంటుంది, దెబ్బకి పిడి చేతిలో తిరగకుండా. వాదర మొదట్లో 'గంగ్యా' అని అడ్డపట్టీ ఉంటుంది. పాతవాటిలో అది విడిగా చేసి అతికించిన ముక్క. 20వ శతాబ్దంలో చాలావాటికి అంతా ఒకే ముక్క, అతుకు ఉన్నట్టు గీత మాత్రం గీశారు. భూతద్దం పెట్టు. నిజమైన అతుకులో మురికి లోపలికి దిగి ఉంటుంది, గీతలో పైనే ఉంటుంది. బోర్నియో ద్వీపంలో దయాకు తెగలవాళ్ల మండావ్ కత్తి అయితే ఇంకా తేలిక. జింకకొమ్ము పిడి, వెంట్రుకల కుచ్చులు, ఇనుము ఒకవైపు ఉబ్బు, ఒకవైపు లోతు. అలాంటి ఇనుము ఇంకెక్కడా నేను చూడలేదు.

హోస్ట్: మళ్లీ మా కత్తి దగ్గరికి వద్దామండీ. దీని ఇనుము చూసి మీరు ఏమీ అనలేదు.

అతిథి: బాధేసి అనలేదమ్మా. దీన్ని ఎవరో గ్రైండింగ్ రాయి మీద పట్టారు. చూడు, అడ్డంగా ఈ కొత్త గీతలు.

హోస్ట్: అవునండీ. మెరుస్తుందని మా మావయ్య పక్క వీధి షాపులో ఇచ్చాడు.

అతిథి: బర్మాలో కొన్ని డాలకి నల్లటి నేల మీద వెండితో బుద్ధుడి జాతక కథల బొమ్మలు పొదుగుతారు. దీనిమీద ఉండేవో లేవో ఇక ఎవరూ చెప్పలేరు. తుప్పు పట్టిన కత్తిని కాపాడొచ్చు, మెరిపించిన కత్తిని ఏం చేస్తాం? వింటున్నవాళ్లకి దండం పెట్టి చెబుతున్నాను, మెత్తటి గుడ్డతో పల్చగా నూనె రాయండి, అంతకుమించి చెయ్యి పెట్టకండి.

హోస్ట్: అయితే ఇది బర్మాదని ఖాయం చేసుకోవచ్చా?

అతిథి: ఆ డా కత్తుల కుటుంబంలోదని ఖాయం. బర్మన్‌లదా, షాన్ కొండలదా అని తేల్చాలంటే ఒర కావాలి. ఒక్కోసారి పిడి కంటే ఒరే ఎక్కువ చెబుతుంది. ఉదాహరణకి ఉత్తర బర్మాలోని కచిన్ తెగవాళ్ల ఒరకి ఒకవైపే చెక్క, రెండో వైపు తెరిచే ఉంటుంది. కత్తి కనపడుతూ ఉంటుంది. నీకు ఒర దొరకలేదా?

హోస్ట్: లేదండీ, కత్తి ఒక్కటే... ఉండండి. ఆ గోనెసంచిలోనే రెండు చెక్కబద్దలున్నాయి, పేముతో చుట్టినవి. విరిగిన తడక ముక్కలనుకున్నాను. ఒకదానికి ఎర్ర తాడు కూడా వేలాడుతోంది.

అతిథి: భుజానికి తగిలించుకునే తాడమ్మా అది! ఇప్పుడెక్కడున్నాయి?

హోస్ట్: అటక శుభ్రం చేస్తున్నారు ఈరోజు... ఒక్క నిమిషం, రికార్డింగ్ ఆపకండి. హలో, అమ్మా? ఆ గోనెసంచి ఎక్కడ పెట్టావ్?