మస్టాంగ్‌కి బీడింగ్ బిగిస్తున్నాం | మిషిగన్ గ్యారేజ్ వ్లాగ్

నమస్తే అండీ. మా బాబాయ్ ఫోన్ చేసిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న: "రంగు వెయ్యడం అయిపోయింది కదరా, ఇంకా కారు బయటికి తియ్యవేం?" ఇదిగో బాబాయ్, ఈ బల్ల మీద పరిచిందంతా ఇంకా కారుకి ఎక్కాలి. బీడింగులు (అంచుల్లో బిగించే మెరిసే లోహపు పట్టీలు), అక్షరాలు, గుర్రం బొమ్మలు, చిటికెన వేలి గోరంత క్లిప్పులు. ఈ రోజు వీడియో మీ కోసమే.

కొత్తగా చూస్తున్నవాళ్లకి చెప్తాను. ఇది 1966 ఫోర్డ్ మస్టాంగ్. దీని ఛాసిస్ నంబర్లో మొదట 6, ఆ పక్కన ఎఫ్ అనే అక్షరం ఉంటాయి. 6 అంటే 1966 మోడల్, ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ. కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో తయారైతే ఆర్, న్యూజెర్సీలోని మెటచెన్‌లో అయితే టీ ఉండేది. డియర్‌బోర్న్ కూడా మేముండే మిషిగన్‌లోదే. పుట్టిన రాష్ట్రంలోనే ఈ బండికి నా చేతులతో మళ్లీ ప్రాణం పోస్తున్నానంటే నాకు చాలా గర్వంగా ఉంటుంది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. దాదాపు 60 ఏళ్ల బండికి చిన్న క్లిప్పు కూడా కొత్తది దొరుకుతుంది! ఫెండర్, అంటే ముందు చక్రం పైన ఉండే రేకు, దాని మీది గుర్రం బొమ్మ కుడికి వేరు, ఎడమకి వేరు, ఎందుకంటే ఎటు నుంచి చూసినా గుర్రం బండి ముందుకే పరిగెత్తాలి. క్లిప్పుల ప్యాకెట్ ఆరు డాలర్లు. డాలర్‌కి 85 వేసుకుంటే ఐదొందల పైమాటే. పాత బొమ్మకే మళ్లీ క్రోమ్ వేయిద్దామని అడిగితే రెండొందల డాలర్లన్నారు, అంటే 17 వేలు. ఇవి జింక్ కలిపి పోతపోసిన ముక్కలు కాబట్టి పైన గుంటలు పడితే అవన్నీ పూడ్చి, నున్న చేసి, అప్పుడు పూత వెయ్యాలి. అందుకే అంత రేటు. నేను కొత్త బొమ్మలే కొన్నాను.

పైకప్పు అంచున ఉండే ఈ పొడవాటి బీడింగ్ మాత్రం పాతదే. ఇది స్టెయిన్‌లెస్ స్టీల్. సొట్టలుంటే వెనక నుంచి చిన్న సుత్తితో మెల్లగా తట్టి లేపాలి. తర్వాత 400, 600, 1000 నంబర్ల ఇసుక కాగితం వరసగా వేసి, పాలిష్ చక్రం మీద పెడితే అద్దంలా వచ్చేసింది. కింద తలుపుల దిగువన వచ్చేది అల్యూమినియం. దాని మీద గట్టి పొర ఒకటి ఉంటుంది. దాన్ని స్టీల్‌లా చక్రం మీద పెడితే ఆ పొర పోతుంది, జాగ్రత్త.

ఇప్పుడు అసలు పని. కెమెరా దగ్గరకి తెస్తున్నాను, బానెట్ అంచున ఈ రంధ్రాలు చూడండి. ఫోర్డ్ అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాల పిన్నులు వీటిలోకే వెళ్తాయి, క్లిప్పులు వాటిని పట్టి ఉంచుతాయి. పైన రంగు ఎంత బాగా పడినా రంధ్రం లోపలి అంచుకి సరిగా అందదు. ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు బీడింగ్ వెనక చేరితే ఆరవు. స్టెయిన్‌లెస్ పక్కన మామూలు ఇనుము అలా తడిగా ఉండిపోతే తుప్పు పట్టేది ఇనుమే. అదే అల్యూమినియం అయితే, ఇనుము పక్కన అదే తెల్లగా పొడిపొడి అవుతుంది. అందుకే ప్రతి రంధ్రం అంచుకీ సన్న కుంచెతో ఎపాక్సీ ప్రైమర్, అంటే తుప్పు పట్టకుండా రంగు కింద వేసే పూత, అది ఆరాక టచప్ రంగు. క్లిప్పు పెట్టేముందు దాని చుట్టూ మైనంలా మెత్తగా ఉండే సీలర్ కొంచెం.

ముందు క్లిప్పులు లేకుండా అక్షరాలు పెట్టి చూసుకోండి. క్లిప్పు ఒకసారి పట్టేశాక వెనక్కి లాగితే పిన్ను విరుగుతుంది. పిన్ను లావుగా ఉంటే రంధ్రం పెద్దది చెయ్యొద్దు, పిన్నునే ఆకురాయితో కాస్త అరగదియ్యండి. కింద మాస్కింగ్ టేప్ తిన్నగా అంటించి, అక్షరాల అడుగులన్నీ దానికి ఆనేలా చూసుకుని, రెండు బొటనవేళ్లతో సమానంగా నొక్కాలి. సుత్తి వద్దు. చిన్నగా టక్‌మంటుంది... విన్నారా? అదీ!

పైకప్పు బీడింగ్‌కి ఇద్దరు కావాలి. ఒక చివర కప్పు అంచుకి తగిలించి, మెలిక పడకుండా కొంచెం కొంచెం నొక్కుకుంటూ వెళ్తుంటే రెండో చివర ఇంకొకరు పట్టుకోవాలి. నాన్న ఉండుంటే అడక్కుండానే వచ్చి పట్టుకునేవారు. ఇక్కడ పగటిపూట వీధంతా ఖాళీ. అదృష్టం కొద్దీ పక్కింటి పెద్దాయన వచ్చారు. జీవితమంతా కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరైన మనిషి. బీడింగ్ పది నిమిషాల్లో ఎక్కింది, కబుర్లకి మాత్రం మధ్యాహ్నమంతా అయిపోయింది.

ఆయన మాటలన్నీ వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ గురించే, అంటే డెట్రాయిట్ దగ్గర జరిగే పాత కార్ల ఊరేగింపు. 1995లో మొదలైంది, ఆగస్టులో మూడో శనివారం జరుగుతుంది, వుడ్‌వర్డ్ అవెన్యూ పొడవునా పాత కార్లే. మిషిగన్‌లో 25 ఏళ్లు దాటిన బండికి హిస్టారిక్ ప్లేట్, అంటే పాత బళ్లకి ఇచ్చే ప్రత్యేక నంబర్ ప్లేట్, ఇస్తారు. దాంతో రోజూ ఆఫీసుకి తిరగకూడదు, ప్రదర్శనలకీ పరేడ్లకీ తీసుకెళ్లొచ్చు. ఆగస్టు నెలంతా మాత్రం ఎక్కడికైనా నడుపుకోవచ్చు. ఎంత మంచి రూల్ కదండీ!

కింది బీడింగ్ రేపటికి ఉంచుతున్నాను. దానికి ముందు ఫెండరుకీ తలుపుకీ మధ్య సందు సరిచెయ్యాలి, లేకపోతే బీడింగ్ ఒకే గీతలా తిన్నగా రాదు. కిందటి వీడియోకి ఒకరు అడిగారు, ఇదంతా ఎందుకు, రెండువైపులా అంటుకునే టేప్‌తో అంటించెయ్యొచ్చు కదా అని. కొత్త కార్ల బీడింగులు చాలావరకు అలాగే వస్తాయి, వాటికి టేప్ బాగానే పనిచేస్తుంది. దీనికి బాడీలో రంధ్రాలున్నాయి కాబట్టి, టేప్ వేస్తే అవి వెనక తెరుచుకునే ఉంటాయి, నీళ్లు నేరుగా లోపలికే పోతాయి. క్లిప్పూ సీలరే వాడండి.