రొయ్యల గుంట తూము ఖర్చు ఎవరిది?

యాంకర్: పర్యావరణం విషయంలో ఎలా నడుచుకుంటున్నారో ఏటా నివేదిక ఇవ్వాలని టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలకు స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2022-23 నుంచి తప్పనిసరి చేసింది. ఆ మాట నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు రొయ్యల గుంటల గట్ల దాకా వచ్చిందా?

రైతు: నివేదికల సంగతి నాకు తెలీదు సార్. మా ఖర్చులో సగానికి పైన మేతదే. గుంటలో కాస్త మేతతో చెక్ ట్రే, అంటే చిన్న పళ్లెం, దించి, రెండు గంటలకు పైకి తీసి చూస్తాం. మేత మిగిలిందా, పై పూటకి తగ్గిస్తాం. చూడకుండా చల్లితే అడుగున నల్లబురద పేరుకుంటుంది, అమ్మోనియా పెరుగుతుంది.

శాస్త్రవేత్త: మేత ఆదా అయితే నీళ్లూ బాగుంటాయి. అక్కడ లాభానికీ పర్యావరణానికీ పేచీ లేదు. పేచీ అంతా తూము దగ్గరే.

యాంకర్: అంటే?

శాస్త్రవేత్త: గుంటకి నీళ్లు తోడుకునేదీ, తూము ఎత్తి వదిలేదీ చాలాచోట్ల ఒకే కాలువ. వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వస్తే బ్లీచింగ్ కొట్టి, నీళ్లు కొన్నాళ్లు ఆపాకే వదలాలి. లేదంటే వైరస్ పక్క గుంటకి పోతుంది. తీరంలో రొయ్యల సాగును నియంత్రించే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం 2005లోనే వచ్చింది, నిబంధనలకు కొదవ లేదు.

రైతు: పంట పోయినోడి దగ్గర బ్లీచింగ్‌కి డబ్బులెక్కడివి సార్? మేత షాపులో బాకీ అట్లనే ఉంటది. రాత్రికి రాత్రి తూము ఎత్తేస్తాడు. తప్పే, కాదనను.

ఎగుమతి ప్లాంటు మేనేజర్: మాకూ టెన్షనే అన్నా. యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే కంటెయినర్ వెనక్కే. మన దేశం పంపే సాగు రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో సగానికి పరీక్ష చేయాలని యూరోపియన్ యూనియన్ 2016లో పెట్టింది. అందుకే పట్టుబడికి ముందే శాంపిల్ తీస్తాం.

రైతు: మందులు చూస్తారు, కిలోకి ఎన్ని రొయ్యలని కౌంట్ చూస్తారు. నీళ్లు ఎట్ల వదిలావని ఏ రోజన్నా అడిగారా?

మేనేజర్: లేదు. అడగలేదు.

యాంకర్: కొనేవాళ్లే కిలోకి కొంత పక్కనపెట్టి, కాలువకో బ్లీచింగ్ నిధి పెడితే?

మేనేజర్: మేమొక్కరమే వేస్తే రేటులో దెబ్బతింటాం. అన్ని ప్లాంట్లూ వేస్తే మేమూ వేస్తాం.

రైతు: మా వాళ్లూ అదే అంటారు కదన్నా! పక్కోడు తూము ఆపితే నేనూ ఆపుతానని.

(నవ్వులు)

శాస్త్రవేత్త: జిల్లా అంతా ఎందుకు, ఒక్క కాలువతో మొదలుపెట్టండి. దానిమీద గుంటలున్న రైతులు, అక్కడ సరుకు కొనే ప్లాంట్లు, అంతే.

మేనేజర్: వచ్చే పంటకి ప్రయత్నం చేయొచ్చు. రాసివ్వమంటే మాత్రం ఇప్పుడే కుదరదు.

రైతు: రాసివ్వక్కర్లేదు. గుంటలో సీడ్, అంటే రొయ్య పిల్లలు, వదిలేలోపు బ్లీచింగ్ బస్తాలకి షాపులో చెప్పి పెట్టండి, చాలు.